ఈ ఆలోచనది ఏ ఊరు?

బండ నేలను రాసుకుంటూ కదిలే చప్పుడు ఒకటి ఉంది. రాయచూరులో ఏటా కార హుణ్ణిమకు, అంటే ఏరువాక పున్నమికి, ఎద్దుల చేత బండ లాగించే పోటీలు జరుగుతాయి. ఎద్దుల జత, వాటి వెనక గొలుసు, గొలుసు చివర చదరంగా చెక్కిన బండ. విజిల్ పడగానే ముందు మెడగంటలు వినిపిస్తాయి, తర్వాత తోలేవాళ్ళ కేకలు. ఆ రెండింటి కింద నుంచి కాస్త ఆలస్యంగా బండ కదిలిన చప్పుడు వస్తుంది. గరగరమని మొదలై, ఊపందుకున్నాక బరువుగా సాగుతుంది. బండ ఎంత దూరం పోయిందో టేపుతో కొలిచి చెప్పడం చాలా ఏళ్ళుగా నా పని. ఈ ఏడాది కూడా గీత పక్కన నిలబడ్డాను. ఆ చప్పుడు వినగానే అలవాటుగా ఎడమ పక్కకు తిరిగాను. అక్కడ ఎవరో తెలియని మనిషి ఫోనులో వీడియో తీసుకుంటున్నాడు. అక్కడ నిలబడి, చొక్కా జేబులోంచి పల్లీలు తీసి నములుతూ "రాపిడి వినపడిందా నర్సింలూ?" అని అడిగే మనిషి పోయి రెండేళ్ళు దాటింది.

ఆయన పేరు రామకోటయ్య. సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యారు. మొదట ఫిరంగి దళంలో పనిచేసి, తర్వాత జవాన్లకు పాఠాలు చెప్పే పనిలోకి మారారు. కాలువ కింద భూముల కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. మిగిలిన వాళ్ళంతా మాన్వి వైపు క్యాంపులో, అంటే వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న పల్లెలో, వ్యవసాయం చేసుకుంటుంటే, ఈయన రాయచూరులో కోటకు దగ్గర్లో చిన్న ఇల్లు తీసుకుని ఉండేవారు. నేను గిల్లేసూగూరు మనిషిని. పదో తరగతితో చదువు ఆపి పత్తి మిల్లులో చేరాను. ఏ లారీలో ఎన్ని పత్తి బేళ్ళు ఎక్కాలి, ఏ వరసలో పేర్చాలి, ఎప్పుడు బయలుదేరితే ఎప్పుడు చేరుతుంది, ఈ లెక్కలు ఎవరూ నేర్పకుండానే పట్టుబడ్డాయి. ముప్పై దాటేసరికి, లెక్కకు లొంగనిది లోకంలో ఏదీ లేదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకంతో ఉన్న రోజుల్లోనే ఆయన తగిలారు.

అది టేపు పట్టిన మొదటి ఏడు. పోటీకి వచ్చిన జతల్ని చూసి, ఏది గెలుస్తుందో ముందే లెక్క కట్టాను. ఎద్దుల బరువు అంచనా, బండ బరువు, నేల తడి, కాలి గిట్టల వెడల్పు. ఎర్ర జత గెలుస్తుందని చుట్టుపక్కల వాళ్ళకు చెప్పేశాను కూడా. ఎర్ర జత సగం దూరం బాగానే లాగింది. ఆ తర్వాత ఏమైందో, రెండూ ఒకేసారి ఆగి, తల తిప్పి జనాన్ని చూస్తూ నిలబడ్డాయి. తోలేవాడు ఎంత అరిచినా కదల్లేదు. ఎముకలు కనిపిస్తున్న నల్ల జత ఒకటి వచ్చి బండను గీత దాటించింది. జనం నా వైపు చూసి నవ్వారు. పక్కన ఉన్న పెద్దాయన మాత్రం నవ్వలేదు.

"లెక్క బానే వేశావయ్యా. ఎద్దుల్ని మర్చిపోయావు," అన్నారు.

"ఎద్దుల బరువు గుడ ఏసిన కద."

"బరువు వేశావు. ఎద్దుని వెయ్యలేదు. వాటికి ఇవాళ లాగాలని లేదు. అది ఏ గడిలో వేస్తావు?"

"గదెట్ల ఏస్తరు? ఏయనీకె ఒస్తదా?"

"రాదు. రాదని తెలిసినప్పుడు ఒక గడి ఖాళీగా ఉంచుకోవాలి." నా చేతిలో నాలుగు పల్లీలు పెట్టారు. "ఆదివారం కోట దగ్గరికి రా. నీకు ఇంకో బండ చూపిస్తాను."

ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ చెప్పలేను. బహుశా నా లెక్క తప్పిన చోటు ఏదో ఆ మనిషికి తెలుసనిపించి ఉంటుంది. కోట గోడలో కాకతీయుల కాలపు పొడవాటి రాయి ఒకటి ఉంది. దాని మీద తెలుగు అక్షరాలున్నాయి. కన్నడ బోర్డుల మధ్య పెరిగిన నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. సుబేదారు గారు నన్ను దాని ముందు నిలబెట్టి, అక్షరాలు కాదు, పక్కన సన్నగా గీసిన బొమ్మ చూడమన్నారు. ఎండ ఏటవాలుగా పడుతుంటే గీతలు మెల్లగా తేలాయి. ఒక బండి, దాని మీద ఈ రాయే, దాన్ని లాగుతున్న దున్నల వరస, తోలేవాళ్ళు.

"ఈ కోట కట్టినోళ్ళు యుద్ధాలు చేసినోళ్ళే. ఇంత పెద్ద రాయి దొరికింది. కత్తి చెక్కొచ్చు, గుర్రం చెక్కొచ్చు, శత్రువు తల చెక్కొచ్చు. ఏం చెక్కారు?"

"బండి."

"బండి. మోసుకొచ్చిన పనిని చెక్కారు. ఇప్పుడు చెప్పు, ఈ ఆలోచనది ఏ ఊరు?"

కొత్త మనిషి ఎదురైతే మనం ముందు "మీదే ఊరు?" అని అడుగుతాం. ఆయన ఆలోచనల్ని అలా అడిగేవారు. ఎవరు ఏ మాట చెప్పినా, అది తప్పా ఒప్పా అని చూడకముందే, అది ఎక్కడ పుట్టింది, ఏ నేల మీద నడిచి వచ్చింది అని తెలుసుకోవాలనేవారు. ఆ రోజు జవాబు కూడా ఆయనే చెప్పారు. చుట్టూ రాళ్ళు తప్ప ఏమీ లేని చోట బతికినవాళ్ళకు, యుద్ధమంటే ముందు మొయ్యడమేనని తెలుసు. రాయి మొయ్యాలి, నీళ్ళు మొయ్యాలి, జొన్నలు మొయ్యాలి. నాకు పట్టలేని సంతోషం కలిగింది. వందల ఏళ్ళ కిందటి మనిషెవరో నా పనినే రాతి మీద గీసి పెట్టినట్టు అనిపించింది. ఆ మాటే అన్నాను. "సంబరపడు, తప్పులేదు. కానీ ఇది ఒక్క ఊరే," అన్నారాయన.

ఆ తర్వాత చాలా ఏళ్ళు మా ఆదివారాలు కోటలోనే గడిచాయి. పై బురుజుకు వెళ్ళే దారిలో, నేల మీద పరిచిన బండపై పులిమేక గళ్ళు గీసి ఉన్నాయి. ఏ కాలంలో ఏ కాపలావాళ్ళు పొద్దుపోక గీసుకున్నారో. యుద్ధం వచ్చేదాకా యుద్ధం ఆడుకున్నారన్నమాట అనేవారు సుబేదారు గారు. మూడు పులులు, పదిహేను మేకలు. మేక వెనక గడి ఖాళీగా ఉంటేనే పులి దాని మీద నుంచి దూకి చంపగలదు. మేకలు దగ్గర దగ్గరగా కూర్చుని పులులకు కదిలే చోటు లేకుండా చేస్తే మేకలు గెలిచినట్టు. మా పులులు చింతగింజలు, మేకలు వేయించిన పల్లీలు. చచ్చిన మేకను ఆయన అక్కడికక్కడే ఒలుచుకుని తినేవారు. "గెలిచేవాడికి యుద్ధం రుచిగానే ఉంటుంది," అనేవారు నములుతూ. ఒక్క మేకను మాత్రం తినేవారు కాదు. ఆట ఎటు తిరిగినా, చంపినవాటిలో ఒకటి తీసి చొక్కా జేబులో వేసుకునేవారు. మొదటిసారి ఎందుకని అడిగితే, "ఇది అవతలోళ్ళ వాటా. అన్నీ తినేస్తే రేపు ఎవడితో ఆడతావు?" అన్నారు.

ఆ గళ్ళ పక్కన కూర్చుని ఆయన చెప్పిన పాఠాలే నా కాలేజీ. "సైన్యంలో మేం చదివినవన్నీ ఒకే పుస్తకంలో, ఒకే రకం అక్షరాల్లో ఉండేవి. అందుకని అన్నీ ఒక్కచోటే పుట్టాయనుకునేవాణ్ణి. ఒక్కో వాక్యం ఒక్కో ఊళ్ళో బస్సెక్కి వచ్చిందని తర్వాత తెలిసింది," అనేవారు. ఐరోపాలో ఒకప్పుడు చదువుకున్నవాళ్ళు లోకాన్నంతా గడియారంలా చూశారట. ఏ చక్రం ఎటు తిరుగుతుందో తెలిస్తే ఏ గంట ఎప్పుడు మోగుతుందో చెప్పెయ్యవచ్చన్న ధీమా. కోటల్ని కోణాలు కొలిచి నక్షత్రం ఆకారంలో కట్టారు. గోడలకు కుదిరిన కోణాలు సేనలకూ కుదురుతాయనుకున్నారు. తిండిగింజల గిడ్డంగి ఇక్కడ, శత్రువు అక్కడ, మధ్య ఒక గీత, ఆ గీత కోణం సరిగ్గా ఉంటే గెలుపు ఖాయం. వింటుంటే వాళ్ళంతా నా మేనమామల్లా అనిపించారు.

ఆ మాట ఆయనకు చెబితే పెద్దగా నవ్వి, వాళ్ళ పక్క ఊరి కథ చెప్పారు. జర్మనీ వైపు ప్రష్యా అనే రాజ్యపు రాజు దగ్గర గడియారంలా నడిచే సేన ఉండేది. ఫ్రాన్సు సేన చేతిలో అది పట్టపగలు చెదిరిపోయింది. ఎదుటి పక్క ఉన్నవాళ్ళు రాజు కోసం కాక, దేశం మాది అనుకుని వచ్చారు. ఆ వేడి ఏ కోణంలోనూ కనిపించదు. ఓడినవాళ్ళు కూర్చుని ఆలోచించారు. ఆ రోజుల్లోనే ఆ దేశపు కవులూ తత్వవేత్తలూ మనిషి యంత్రం కాదని వాదిస్తున్నారు. ఆ వాదన సైనికుల చెవిన కూడా పడింది. యుద్ధంలో మన ముందున్నది మట్టిముద్ద కాదు, మనలాగే ఎత్తులు వేసే ఇంకో మనసు అని వాళ్ళు రాసుకున్నారు. కాగితం మీద సులువుగా కనిపించే పని నేల మీద ఎందుకు బరువెక్కుతుందో చెబుతూ, దానికి రాపిడి అని పేరు పెట్టారు. "చూశావా, మనిషి యంత్రం కాదని చెప్పడానికి యంత్రాల వాళ్ళ మాటే అరువు తెచ్చుకున్నారు. ఎంత తిట్టినా ఎవరి ఊరు వాళ్ళని వదలదు," అన్నారు. అప్పటి నుంచే బండ కదిలినప్పుడల్లా నన్ను రాపిడి వినపడిందా అని అడగడం మొదలైంది.

చైనాలో రాజ్యాలు తరాల తరబడి ఒకదాన్నొకటి కొరుక్కుతిన్నాయని, ఆ అలసటలోంచే కత్తి దూయకుండా గెలవడం అన్నిటికన్నా మేలన్న ఆలోచన వచ్చిందని చెప్పారు. వాళ్ళు నీళ్ళను గురువుగా పెట్టుకున్నారట. నీళ్ళు గట్టుతో తల బాదుకోవు, పల్లం వెతుక్కుంటాయి. మన పాత రాజనీతి చెప్పినవాళ్ళు రాజ్యానికి ఏడు అంగాలన్నారు. రాజు, మంత్రి, ప్రజలున్న నేల, కోట, ఖజానా, సైన్యం, మిత్రుడు. "లెక్కలాయనా, సైన్యం ఎన్నోది?" అని అడిగారు. ఆరోది. "దాని తర్వాత ఎవరు?" మిత్రుడు. పొరుగు రాజు శత్రువు, వాడి అవతలి పొరుగు మనకు మిత్రుడు అని కూడా ఆ పెద్దలే చెప్పారంటే నాకు నవ్వొచ్చింది. అది తప్పకుండా పొలం గట్టు తగాదాలు చూసినవాళ్ళ ఊరే అన్నాను. ఆ రోజు ఆయన నన్ను మెచ్చుకున్నారు. ఇన్ని ఊళ్ళలో ఏ ఊరి మాట నిజమని అడిగితే, "అన్నీ నిజమే. ఏ ఊళ్ళో కుట్టిన చెప్పు ఏ ఊళ్ళో కరుస్తుందో, అది చూసుకో," అన్నారు.

ఆ చెప్పు నన్ను కరిచింది కాలువ విషయంలో.

మా అక్కను కవితాళ దగ్గరి పల్లెకు ఇచ్చాం. బావ పేరు హనుమంతు. వాళ్ళ పొలం కాలువ చిట్టచివర ఉంది. వంతుల ప్రకారం ఎగువన ఉన్న క్యాంపుల వాళ్ళు తూములు మూస్తేనే కింది వాళ్ళకు నీళ్ళు చేరతాయి. ఆ ఏడు వానలు సరిగా లేవు. పైవాళ్ళు వంతు రోజున కూడా తూములు తెరిచే ఉంచారు. అక్క వాళ్ళ వరి పొట్ట మీద ఉంది, కంకులు వెయ్యాల్సిన వేళ నేల నెర్రెలు విచ్చింది. అంతకుముందు ఒకసారి పంట పోయినప్పుడు ఇంటికి తాళం వేసి బెంగళూరులో కట్టడం పనికి పోయారు. అప్పుడు వాళ్ళ కూతురు సుజాతకు ఏడాది చదువు పోయింది. ఇప్పుడు ఆ పిల్ల తొమ్మిదో తరగతి. "ఈపారి పోతే పిల్ల బడి అయిపోయినట్లే తమ్మీ," అంది అక్క ఫోనులో. ఏడవలేదు. అందుకే ఎక్కువ భయం వేసింది.

ఊళ్ళో వాళ్ళంతా కలిసి పైకి వెళ్ళి తూములు మూసెయ్యాలని నిర్ణయించారు. బావ నన్ను పిలిచి, "నువ్వు లెక్కలోనివి కద, జర ప్లాను జెయ్యి," అన్నాడు. నాకు కావలసిందీ అదే. తూముకు ఎందరు మనుషులు, ఇసుక సంచులు ఎన్ని, ట్రాక్టర్లు ఏ దారిన పోవాలి, తెల్లవారకముందే పని ఎలా ముగుస్తుంది, అన్నీ కూర్చాను. ఎక్కడా పొల్లు లేదు. ఆదివారం కోటకు వెళ్ళి, సుద్దముక్కతో బండ మీద గీసి సుబేదారు గారికి చూపించాను. శభాష్ అంటారని ఎదురుచూశాను.

ఆయన గీతల వెంట చూపు నడిపారు. "బాగుంది. మొయ్యడం బాగా కుదిరింది. పైవాళ్ళేరీ ఇందులో?"

"గీడ ఉన్నరు సాబ్. గివి క్యాంపుల ఇండ్లు."

"ఇళ్ళు కాదయ్యా, మనుషులు. నువ్వు తూములు మూసేటప్పుడు వాళ్ళేం చేస్తుంటారు?"

"పండుకొని ఉంటరు."

"లేచాక?"

పెద్ద తూము ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు. ఆయన అన్నకొడుకు సత్యనారాయణది. సత్యం అనేవారు అందరూ.

"నీ ప్లానుది ఏ ఊరో చెప్పనా?" అన్నారు నెమ్మదిగా. "పత్తి మిల్లు. అక్కడ నువ్వు ఎక్కడ పెట్టిన బేలు అక్కడే ఉంటుంది. లేచి నీ మీదికి కర్ర తీసుకుని రాదు."

అన్నేళ్ళు ఆయన పక్కన కూర్చుని ప్రష్యా కథ విన్న నేను, ఎదుటి మనసును మళ్ళీ ఒక గడిగా గీసేశాను. ఆయన చింతగింజలు నా వైపు తోశారు. "కూర్చో. ఇప్పుడు నువ్వు సత్యానివి. నేను మీ బావని," అన్నారు. అని, గొంతు మార్చి, "ఏంది సత్తెం, గట్ల జేస్తున్నవ్? నీల్లిడువవా?" అన్నారు. కోస్తా నోటిలో మా మాట ఎంత వంకరగా పలికిందంటే, అంత దిగులులోనూ నాకు నవ్వాగలేదు. "నవ్వకు, నువ్వు భూస్వామివి," అన్నారు గంభీరంగా. నేనూ గొంతు సవరించుకుని, "ఏవండీ, మా నీళ్ళు మీకెందుకిస్తావండీ?" అన్నాను. ఈసారి ఆయన నవ్వారు.

తర్వాత మెల్లగా ఆట ముదిరింది. ఎందుకివ్వవని ఆయన అడుగుతూ పోయారు, నేను సత్యం నోటితో చెబుతూ పోయాను. నా వరీ పొట్ట మీదే ఉందండీ. పోయిన వంతుకు మూశాను, తిరిగి నా వంతు వచ్చేసరికి కాలువలో నీళ్ళు లేవండీ. ఇవాళ మూస్తే మళ్ళీ వస్తాయని ఎవరు పూచీ? ఆ మాట నా నోటి నుంచి వచ్చాక ఆగిపోయాను. అప్పటిదాకా వాళ్ళది పొగరనుకున్నాను. వాళ్ళదీ అక్క భయమే.

"అదీ," అన్నారాయన. "ఇప్పుడు వాడి తూము మూయడం కాదు పని. వాడి భయం మూయాలి." అని రెండు పల్లీలను ఒకదాని వెనక ఒకటి ఆనించి పెట్టారు. "ఇలా ఉంటే పులి ఎక్కడికి దూకుద్ది?"

ఆయన ఆలోచన ఇది. ప్రతి తూము దగ్గరా ఇద్దరు కూర్చోవాలి, ఒకడు పై మనిషి, ఒకడు కింది మనిషి. కింది వాళ్ళ వంతు రోజునే కాదు, పైవాళ్ళ వంతు రోజున కూడా ఆ ఇద్దరే కాపలా. కింది మనిషి కూర్చుని పైవాడి నీళ్ళు పైవాడికి చేరేలా చూడాలి.

మా బావకు ఇది అస్సలు నచ్చలేదు. "పులి పక్కన మేకను కూసోబెడ్తరా సాబ్?" అన్నాడు. అయినా అక్క మొహం చూసి మాతో క్యాంపుకు వచ్చాడు. సత్యం మమ్మల్ని వాకిట్లో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు గానీ, విషయం వినగానే మొహం మాడ్చుకున్నాడు.

"బాబాయ్, ముందు ఇది చెప్పు. నువ్వెటు పక్క?"

"చెబితే నమ్ముతావా? నాకు మీ వరీ కావాలి, వాళ్ళ వరీ కావాలి. నాకసలు పొలం లేదు, అందుకని ఆశ ఎక్కువ."

"ఇవాళ మా తూము మీద కూర్చుంటారు. రేపు తూమే మాదంటారు."

బావ లేచాడు. కొడతాడేమోనని నేనూ లేచాను. "నీ తూమును నేనేం జేసుకుంట?" అన్నాడు బావ. "నా బిడ్డ బడికి పోవాలె. గంతే. నీ వంతు దినాన నేనే కూసుంట. నీ మడి తడిసినంక నువ్వు లెమ్మంటెనే లేస్త."

సత్యం బావ కాళ్ళ వైపు చూశాడు. ఎండిన మట్టి పగుళ్ళలోకి ఎక్కిన కాళ్ళు. ఏమనుకున్నాడో, "కుర్చీలవీ వెయ్యను. గట్టు మీదే కూర్చోవాలి," అన్నాడు.

"మాకు గద్దెలెవరు ఏసిన్రు ఇంతదాంక?" అన్నాడు బావ. సుబేదారు గారు మజ్జిగ తాగుతూ నా వైపు చూసి కన్ను గీటారు.

అప్పుడు నా లెక్క పనికొచ్చింది. జతలు, పూటలు, ఎవరు ఎవరితో, ఎవరి తర్వాత ఎవరు, అంతా కూర్చి, ఈసారి ఒక చోటు ఖాళీగా వదిలాను. అది దేనికో నాకు తెలియదు. సుబేదారు గారు చూసి, దాని మీద ఒక పల్లీ పెట్టారు. వంతు సగంలో ఉండగా పైవాళ్ళలో ఒకతనికి జ్వరం తగిలింది. అతని బదులు ఎవరు కూర్చోవాలన్నది పెద్ద రగడ అయ్యేదే. డెబ్బై దాటిన సుబేదారు గారే గొడుగు పట్టుకుని వెళ్ళి తూము మీద కూర్చున్నారు. అంతటితో మాట ఆగిపోయింది.

అంతా సవ్యంగా జరిగిందని చెప్పను. ఒక తూము దగ్గర ఇద్దరూ కలిసే నిద్రపోయారు, ఒక పూట నీళ్ళు వాగు పాలయ్యాయి. ఇంకో చోట తిండి దగ్గర తగువు వచ్చింది, క్యాంపు వాళ్ళ గోంగూరా మా పుంటికూరా ఒకటేనా కాదా అని. పెద్ద తూము దగ్గర మా బావా సత్యమూ మొదటి రోజు ఒకరి వైపు ఒకరు వీపు పెట్టి కూర్చున్నారట. మూడో రోజు సుబేదారు గారు గొడుగు మొనతో తూము సిమెంటు మీద పులిమేక గళ్ళు గీసి పెట్టి వచ్చారు. గుప్పెడు పల్లీలు కూడా వదిలి వచ్చారు.

నీళ్ళు అక్క పొలానికి వచ్చిన పూట నేను అక్కడే ఉన్నాను. ముందు ఎండుటాకులూ నురగా తోసుకుంటూ వచ్చాయి, వెనకే ఎర్రటి నీళ్ళు. నెర్రెల్లోకి దిగుతుంటే బుడగలు లేచాయి. అక్క చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని పారతో గండి సవరిస్తూనే ఉంది, తల ఎత్తలేదు. ఎత్తుగా ఉన్న మూల ఒకటి తడవనే లేదు, అక్కడ గడ్డే మిగిలింది. మిగతా పొలం నిలబడింది. "గింత సాలు తమ్మీ," అంది. ఆ ఏడు ఇంటికి తాళం పడలేదు. సుజాత పదీ దాటింది, ఆ పైనా చదివింది. ఇప్పుడు రాయచూరు ఆసుపత్రిలో నర్సు.

ఈ సంగతి గెలుపుగా చెప్పుకోబోతే సుబేదారు గారు ఒప్పుకునేవారు కాదు. ఎవరు ఓడిపోయారని అడిగేవారు. నేనూ ఒకసారి అడిగాను, ఇంతకీ మీ ఆలోచనది ఏ ఊరు సాబ్ అని. చైనా నీళ్ళా, ప్రష్యా మనసా, మన ఏడో అంగమా? ఆయన పల్లీ ఒలుస్తూ, "ఏమో. ఈ బండ మీద గళ్ళు గీసిన కాపలావాడిది ఏ ఊరో, అదే," అన్నారు.

చలికాలంలో ఒకనాడు నిద్రలోనే వెళ్ళిపోయారు. పై కాలువ వాళ్ళూ కింది కాలువ వాళ్ళూ వచ్చారు. ఎంతమంది వచ్చారని మిల్లులో ఎవరో అడిగితే చెప్పలేకపోయాను. నేను లెక్కపెట్టలేదు. వాళ్ళు కలిసిపోయి నిలబడ్డారు, ఎవరు ఎటువాళ్ళో తెలియలేదు.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరైనా ప్లాను తెస్తే, ముందు అది ఏ ఊరిదో అడుగుతాను. తర్వాత అవతలి మనిషిగా కాసేపు కూర్చుంటాను. మిల్లులో లారీ డ్రైవరుగా, పత్తి తెచ్చిన రైతుగా, ఇంట్లో నా భార్య లక్ష్మిగా. లెక్కలు మానలేదు. లెక్కంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. ఒక గడి ఖాళీగా ఉంచుతాను, అంతే. ఏడాదికోసారి కాలువ మీదికి పోతాను. పెద్ద తూము మీద ఆ గళ్ళు చేతులు రాసీ రాసీ నునుపెక్కాయి. బావ, సత్యం ఇప్పటికీ వంతు రోజున ఆడుకుంటారు. ఇద్దరూ దొంగాట ఆడతారు, ఇద్దరూ ఒప్పుకోరు. నేను వెళితే నన్నూ కూర్చోబెడతారు. పోయిన వారం వెళ్ళినప్పుడు పులులు నావి, గెలిచాను. చచ్చిన మేకల్ని తిని, ఒకటి జేబులో వేసుకున్నాను.

మర్నాడు చొక్కా ఉతుకుతూ లక్ష్మి జేబులోంచి నానిపోయిన పల్లీ తీసి నాకు చూపించింది.

"ఏందిది? ఎప్పుడు జూసిన జేబుల పల్లీలే. ఎవరి కోసం దాస్తవు?"

"అది నాది కాదు. అవతలోళ్ళ వాటా," అన్నాను.

ఆమె దాన్ని పారెయ్యలేదు. కిటికీ దిమ్మె మీద ఎండకు పెట్టి, చొక్కా దులిపి తీగ మీద ఆరేసింది.